ఉప్పుగాలి పరీక్ష

"ఆ కుర్చీ ఇటు జరపండి. హెబ్రోను గారు కూర్చుంటారు," అన్నారు డీఎస్పీ రెజీనా.

జరపాల్సింది హెడ్ కానిస్టేబుల్ బెన్హర్. అది నిన్నటిదాకా అతను కూర్చున్న కుర్చీ.

అయినా జరిపాడు. డీఎస్పీ చెప్తే జరపక ఛస్తాడా!

గుంటపాళెం మెరైన్ స్టేషన్‌లో పాత పిస్తోళ్లు సముద్రపు గాలికి తుప్పు పట్టి, అవసరానికి మొరాయిస్తున్నాయి. కొత్తవి కావాలి. మూడు కంపెనీలు తలా ఒకటి పంపాయి. ఇక్కడ ఏది ఎంచితే అదే తీరంలోని స్టేషన్లన్నిటికీ ఇస్తారు.

గురి పోటీల్లో నాలుగేళ్లుగా జిల్లాకు మొదటివాడు బెన్హర్. తుపాకీ మాట ఏదొచ్చినా మేడం అతన్నే అడిగేవారు. ఈసారీ అతను ఒకటో నంబరు పిస్తోలే మేలని కాగితం రాసి, సంతకం పెట్టి, కాలరు సర్దుకున్నాడు.

సరిగ్గా అప్పుడు ఊడిపడ్డాడు ఈ పెద్దాయన. మనుబోలు నుంచి బస్సులో వచ్చాడట. నలిగిన తెల్ల చొక్కా, చంకలో గుడ్డ సంచి. ఎవరో ఏమిటో స్టేషన్‌లో ఎవరికీ తెలియదు. మేడం మాత్రం లేచి నిలబడ్డారు.

"చేతిలో పట్టుకుని చూస్తే ఏం తెలస్తదమ్మా? మూడిట్నీ గాలాడే వలగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఎనిమిది దినాలు పడవ మీద తిప్పండి. తుడవొద్దు, నూనె పెట్టొద్దు. తొమ్మిదో దినం పేల్చి చూద్దాం," అన్నాడాయన.

"అలాగే," అన్నారు మేడం. బెన్హర్ వైపు చూడనైనా లేదు.

హెబ్రోను తన చేత్తోనే మూడిటినీ చుట్టి కట్టాడు.

"ఎవురన్నా ఈయన?" అడిగాడు కానిస్టేబుల్ సుబ్బు.

"ఎవురో ఏమో! నిన్న గాక మొన్న వచ్చినాడు, నెత్తినెక్కి కూర్చున్నాడు. మనమేమో కూరలో కరివేపాకు."

"పెద్దాయన గదన్నా, పోనియ్యి."

"చేతులు వణకతుండాయి. మనకు పాఠాలు చెప్తాడంట!"

పెట్టె తాళంచెవి బెన్హర్ దగ్గరే ఉంది. రెండు రోజులు ఊరుకున్నాడు. మూడో రోజు మేడం ఫోనులో హెబ్రోనుతో నవ్వుతూ మాట్లాడటం చెవిన పడింది. తనతో ఏనాడూ అలా నవ్వలేదు.

ఇక ఆగలేకపోయాడు. పడవ ఒడ్డుకు రాగానే పెట్టె తెరిచి, ఒకటో నంబరును తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ చుట్టేశాడు. ఆ తర్వాత రోజూ అదే పని.

తొమ్మిదో రోజు ఇసుక దిబ్బల వెనక పరీక్ష. పేల్చేది బెన్హరే.

రెండో నంబరు ఏడో గుండుకే ఇరుక్కుంది. మూడోది ఒక్కసారి తడబడి, మళ్ళీ అందుకుంది. ఒకటో నంబరు మాత్రం యాభై గుండ్లూ టకటకా పేల్చి పారేసింది.

"చెప్పినా గదా మేడం!" బెన్హర్ మొహం చాటంతయింది.

హెబ్రోను ఆ పిస్తోలు అందుకున్నాడు. బొటనవేలితో పక్కన రుద్దాడు. వేలి జిడ్డును చూసుకున్నాడు. తర్వాత బెన్హర్‌ను చూశాడు.

అయిపోయింది అనుకున్నాడు బెన్హర్. ఇప్పుడు చెప్పేస్తాడు. ఉద్యోగం ఊడినట్టే.

"పొరపాటు నాదమ్మా," అన్నాడు హెబ్రోను మేడంతో. "గుడ్డ సరిగ్గా కట్టలేదు నేను. దీనికి గాలి తగిలినట్టు లేదు. ఇంకో ఎనిమిది దినాలు తిప్పుదాం. ఈ తడవ తాళంచెవి నా దగ్గర పెట్టుకుంటా."

బెన్హర్ బతికిపోయాడు. బతికించినవాడి కాళ్ళు మొక్కాలా, వద్దా? మొక్కబుద్ధి కాలేదు సరికదా, ఇంకా మండుకొచ్చింది. మంచివాడనిపించుకునే వంతు కూడా ఆయనదేనా!

రెండో పరీక్షలో ఒకటో నంబరు మూడో గుండుకే బిగుసుకుపోయింది. బెన్హర్ ఎంత లాగినా కదల్లేదు. మూడో నంబరు చివరిదాకా నిలబడింది.

హెబ్రోను ఒక కాగితం రాసి మేడం చేతికిచ్చాడు. సంచి సర్దుకుని, బెన్హర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"అబ్బయ్యా, సముద్రం మీద మన పిల్లోళ్ల పక్కన రోజూ నూనె పెట్టే మనిషి ఉండడు."

బెన్హర్ భుజం విదిలించుకుని మొహం తిప్పుకున్నాడు.

బస్సు వెళ్ళిపోయాక మేడం పిలిచి ఆ కాగితం ఇచ్చారు.

మూడో నంబరు తీసుకొమ్మని రాశాడు. దాని కింద, "బెన్హర్‌కు మంచి గురి ఉంది. కొత్త పిస్తోళ్ల మీద అందరికీ శిక్షణ ఇచ్చే పని అతనికే అప్పజెప్పండి," అని ఉంది.

ఆ పని కోసం బెన్హర్ ఏడాదిగా తిరుగుతున్నాడు. అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఎవరు మేడం ఆయన?"

"పాత ఆర్మరర్. డిపార్ట్‌మెంట్‌లో ఆయుధాలు బాగుచేసేవారు. ఇప్పుడున్న పాత పిస్తోళ్లను ఎంచిన రోజుల్లో కూడా ఇదే పరీక్ష పెట్టారు. తర్వాత కొన్నాళ్లకు సముద్రం మీద పిస్తోలు పేలక ఒక కానిస్టేబుల్ చనిపోయాడు. ఆ వారమే ఈయన తనంతట తాను వచ్చి ఒక కాగితం రాసిచ్చారు. ఉద్యోగం పోయింది, పింఛను పోయింది. నేను సాయం అడిగినప్పుడు, ముందు ఇది చదవండమ్మా, చదివాక కూడా రమ్మంటే వస్తానని దాని నకలు నా చేతిలో పెట్టారు."

మేడం సొరుగు లాగి ఆ నకలు తీసి ముందు పెట్టారు.

బెన్హర్ చదివాడు.

"నాతో పనిచేసే ఆర్మరర్‌కు మంచి పేరొస్తుందన్న కుళ్ళుతో, అతను వద్దన్న ఈ పిస్తోలుకు పరీక్ష జరిగినన్నాళ్లూ దొంగచాటుగా నూనె పెట్టి గెలిపించింది నేనే."