ఖాళీ పెట్టెల పంచాయితీ

జక్రయ్య ఒక్కో పెట్టె మూత తీసి పక్కన పెట్టాడు. లోపల ఒక్క తేనెటీగ లేదు. చట్రాలకు ఎండిపోయిన మైనం మాత్రం అంటుకుని ఉంది.

"చూడండి. ఇక మీరే చెప్పండి," అన్నాడు.

చేనుగట్టు మీద పోగైన జనం ముందుకు వంగి చూశారు. అయ్యో పాపం అన్నారు. ఇంకేం, మొదలైంది.

అందరికంటే గట్టిగా అరిచినవాడు వెంకటనారాయణ. ఎందుకు అరవడు? ఆయనకు మిరప చేను, దాని పక్కనే దోసతోట ఉన్నాయి. ఈగ వాలకపోతే దోసపువ్వు కాయ కాదు. పిందెలు అప్పుడే పసుపు తిరిగి రాలిపోతున్నాయి.

"ఆ సెల్ టవర్ వద్దురా నాయనా అని మొత్తుకున్నా, విన్నారా? దాని దెబ్బకే చచ్చాయి!"

"టవర్ పెట్టి ఎనిమిదేళ్లయింది కదండీ," అన్నాడు జక్రయ్య.

"అయితే? విషం ఒక్కరోజులో ఎక్కుద్దా?"

అంతలో ఆయన చేతిలో ఫోన్ మోగింది. "తర్వాత చెయ్, ఇక్కడ టవర్ గొడవలో ఉన్నా," అని పెట్టేశాడు.

పురుగుమందుల కొట్టు కోటేష్ గొంతు సవరించుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఇక్కడ ఎవరూ ఏమీ అనకముందే కోటేష్ తడుముకున్నాడు.

"నా కొట్లో అన్నీ లైసెన్సున్న మందులే. ఈగలు పోయింది తుఫాను ముసురుకి. చలికి బిగుసుకుపోయి ఉంటాయి."

"మందు మాట నేనెత్తలేదే, కోటేషూ?"

"ఎత్తుతావుగా! నీ సంగతి నాకు తెలీదా?"

అది మాత్రం నిజమే. పోయినేడు ఇదే గట్టు మీద జక్రయ్య చచ్చిన ఈగల్ని చేటల కొద్దీ ఎత్తిపోశాడు. అందుకే ఈ ఏడు పూత మొదలవగానే ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. "పొద్దున్నే మందు కొట్టకండి. పొద్దుగూకి ఈగలు పెట్టె చేరాక కొట్టుకోండి. మీ పంటకీ నష్టం లేదు, నా ఈగలకీ నష్టం లేదు" అన్నాడు. అలాగేలే అన్నారందరూ. కూలీలు దొరికేది పొద్దున కాబట్టి కొట్టేదీ పొద్దునే కొట్టారు.

శ్రీకృష్ణ ఫోన్‌లో వీడియో తీస్తూ ముందుకొచ్చాడు. రైతుల కోసం యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాడు. తెలియని విషయం లేదు.

"ఇది వరోవా. నల్లి లాంటి పురుగు. ఈగను పట్టి రక్తం పీల్చేస్తుంది."

"మరి చచ్చిన ఈగ ఒక్కటీ కనపడదేం?" అన్నాడు కోటేష్.

"అదే కదా బాబాయ్ దీని లక్షణం! మేతకని బయటికెళ్లి, దారి మర్చిపోయి ఎక్కడో చస్తాయి. విదేశాల్లోనూ ఇంతే, పెట్టెలకు పెట్టెలే ఖాళీ!"

టవరని ఒకడు, తుఫానని ఒకడు, పురుగని ఒకడు. "ఒరేయ్, నీకేం తెలుసురా" దగ్గర్నుంచి చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లింది.

జక్రయ్యకు ఓపిక చచ్చిపోయింది. "ఆగండయ్యా! మొన్న మిరపకి మందు ఎవరు కొట్టారు? ఎప్పుడు కొట్టారు? ఆ ఒక్కటీ చెప్పండి."

పట్టుకున్న చొక్కాలు వదిలేశారు.

వెనకనుంచి వెంకటనారాయణ భార్య వెంకటరావమ్మ మెల్లగా అంది. "మన చేలోనే కదండీ, మొన్న పొద్దున కూలోళ్లు..."

జక్రయ్య చటుక్కున తిరిగాడు. "చెప్పమ్మా! చెప్పండి!"

"నీకెందుకే ఇవన్నీ? ఇంటికి పో!" కసిరాడు వెంకటనారాయణ.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. జక్రయ్య ఇంకాసేపు ఆవిడ వైపే ఆశగా చూశాడు. ఆవిడ మళ్లీ తలెత్తలేదు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఈ ఊళ్లో పిడికెడు కాదు కదా, చిటికెడు పుచ్చుకునే నాథుడు కూడా లేడు.

"అయిందేదో అయింది," వెంకటనారాయణ స్వరం తగ్గించాడు. "ఎక్కడినుంచైనా మళ్లీ ఈగల్ని తెచ్చిపెట్టు జక్రయ్యా. వారం దాటితే నా దోస మిగలదు."

"తెస్తానండి. పొద్దున మందు ఆపుతారా?"

"మళ్లీ అదే పాట! ముందు ఆ టవర్ సంగతి తేల్చమను!"

ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఇంతమందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, తప్పు నాదే అంటే ఈ మనుషుల సొమ్మేం పోతుంది? జక్రయ్య మూతలు ఎత్తి దబదబా పెట్టెల మీద పడేశాడు.

భార్య రెబ్కాకు ఫోన్ చేశాడు.

"ఏమన్నారు?" ఆత్రంగా అడిగింది రెబ్కా.

"టవరన్నారు. తుఫానన్నారు. పురుగన్నారు."

"మందు సంగతి ఒక్కళ్లన్నా ఒప్పుకున్నారా?"

"లేదు."

"మరి ఊరికి బండి మాట్లాడనా, వద్దా?"

"వద్దు," అన్నాడు జక్రయ్య. "నేనే అక్కడికి వచ్చేస్తా."

వినుకొండ అవతల, పుట్టింటి ధనియాల చేలో నిలబడ్డ రెబ్కా ఫోన్ పెట్టేసి, వారం కిందట పోయినేటి ఖాళీ పెట్టెల్ని గట్టు మీదే ఉంచి, మొగుడూ తనూ ఊళ్లో ఎవరికీ తెలియకుండా తరలించుకొచ్చిన పెట్టెల వైపు చూసింది: తెల్లటి పూత మీద ఈగలన్నీ నిక్షేపంగా ఝుమ్మంటున్నాయి.