మొదటి చేప

బందరు దగ్గర ఉప్పునీటి చెరువులో టిక్కెట్టు కొని గాలం వేసిన పది నిమిషాలకే భానుచందర్‌కి రెండు కిలోల పండుగప్ప పడింది. ఆటోనగర్‌లో లారీలకు బ్రేకులు బిగించే మనిషి. చేపను పట్టడం ఇదే మొదలు.

“ఇంటికి తీసుకెళ్లి పులుసు పెట్టిస్తా,” అన్నాడు.

చెరువు నడిపే కాశీరావు భుజం మీది తువ్వాలు తీశాడు. “మొదటి చేప గంగమ్మ తల్లిదండీ. సముద్రంలో మా తాతలనాటి నుంచీ ఇంతే. వదిలెయ్యండి. రెండోది మీదే.”

భానుచందర్ చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి వదిలేశాడు.

సాయంత్రం దాకా రెండోది పడలేదు. అయినా తల్లికి ఇచ్చానన్న తృప్తితో కారెక్కాడు.

కారు కనుమరుగయ్యాక కాశీరావు నీళ్లలోకి నాలుగు రొయ్యలు విసిరాడు. పండుగప్ప పైకొచ్చింది.

“ఎక్కువ తినకమ్మా,” అన్నాడు. “రేపు నలుగురొస్తున్నారు. చెరువులో ఉన్నది నువ్వొక్కదానివే. నలుగురికీ నువ్వే పడాలి.”