పదో పేషెంటు

మంగళవారం డాక్టర్ ప్రిసిల్లా రోగులను చూసే రోజు. మిగతా నాలుగు రోజులూ ల్యాబ్‌లోనే ఉంటుంది. ఆ ఒక్కరోజూ ఆమె హాలు పెళ్లిల్లులా కిటకిటలాడుతుంటే కాసిమిర్‌కి ఒళ్లు మండుకొచ్చేది.

తనూ డాక్టరే. తనకూ ల్యాబ్ ఉంది. కండరాలు కరిగిపోయే ఒక అరుదైన జబ్బు మీద పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాడు. ఇంకేదైనా చూసుకోమని పెద్ద డాక్టర్లు చెప్పినా వినలేదు. ప్రిసిల్లా ఇదే జబ్బు మీద పనికి నిన్నగాక మొన్న వచ్చింది. పేరంతా ఆమెకే.

అతని కొత్త మందు ట్రయల్‌కి పదిమంది కావాలి. తొమ్మిదిమందే దొరికారు. శుక్రవారంలోగా పదో మనిషి చేరకపోతే ట్రయల్ మూతపడుతుంది. పిట్స్‌బర్గ్ అంతా గాలిస్తే ఆ జబ్బున్నవాళ్లలో మిగిలింది వాండా ఒక్కతే. ఆవిడేమో ప్రిసిల్లా ట్రయల్‌లో ఉంది. అది మానుకుంటే తప్ప ఇందులో చేరడానికి లేదు.

వాండా హాల్లో చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో గసగసాల రొట్టె.

"ఎవరికి?" అడిగాడు కాసిమిర్.

"ప్రిసిల్లాకి. చిక్కిపోయింది పాపం. పనిలో పడితే తిండి ధ్యాసే ఉండదు."

అతను రొట్టె వైపు చూశాడు. తనూ పొద్దున్నించి కాఫీ మీదే ఉన్నాడు. ఆ సంగతి అడిగేవాళ్లు లేరు.

"మా మందు ఇంకా మంచిది," అన్నాడు. "కారు పంపిస్తాం. ఒక సంతకం, చిన్న సీసాడు రక్తం. అంతే."

"ప్రిసిల్లా ముందు రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతుంది. రక్తం సంగతి తరవాత."

"కబుర్లకేం, ఎవరైనా చెప్తారు!"

"మరి నువ్వు చెప్పవేం?"

అంతలో ప్రిసిల్లా అటుగా వచ్చింది. "రెండే నిమిషాలు వాండా, పిలిచేస్తా!" అంటూ వంగి కౌగిలించుకుంది. వాండా ఆమె చెంప నిమిరింది. కాసిమిర్ చూడలేక మొహం తిప్పుకున్నాడు. తన దగ్గర లేనిది దాని దగ్గర ఏముందని?

ప్రిసిల్లా లోపలికి వెళ్లగానే కాగితం ముందుకు తోశాడు. "ఒక్క సంతకం. కావాలంటే కాళ్లు పట్టుకుంటాను."

వాండా కాగితాన్ని మడిచి అతని కోటు జేబులో పెట్టింది.

"ఎనిమిది నెలల తరవాత కనబడి, కన్నతల్లిని రక్తం అడుగుతావేరా?"