ఆఖరి బకెట్

పసిదాని తొడల మీద ఎర్రటి దద్దుర్లు చూడగానే, అతని భార్య తన తల్లి మీద విరుచుకుపడింది.

"గుడ్డ డైపర్లలో సబ్బు మిగలకుండా జాడించమని ఎన్నిసార్లు చెప్పానమ్మా? ఓపిక లేకపోతే మానెయ్."

 కూతురు లోపలికి వెళ్ళాక, ఆ తల్లి ఆరిన డైపరొకటి అల్లుడి ముందు పరిచి చెంచాడు నీళ్ళు పోసింది. నీళ్ళు ఇంకలేదు. తామరాకు మీద చుక్కల్లా దొర్లిపోయాయి.

"జాడించే ఆఖరి బకెట్లో మీరు పోస్తున్నారే వాసన లిక్విడ్, దాని జిడ్డు ఇది అల్లుడుగారూ. తడి పీల్చకపోతే బిడ్డ ఒళ్ళు పొక్కిపోదూ?"

 మడతపెట్టేటప్పుడు డైపర్ల కంపు భరించలేక, అతను ఎవరూ చూడకుండానే పోస్తున్నాననుకున్నాడు.

"మరి మీ అమ్మాయితో చెప్పలేదేమండీ?"

"నా మీద కోపం దానికి సాయంత్రం దాకా ఉండదు. మీ మీదైతే మనసులో పెట్టుకుంటుంది. ఆ సీసా పారబోసెయ్యండి, చాలు."

పారబోశాడు. హమ్మయ్య అనుకున్నాడు.

సాయంత్రమైంది. అమ్మమ్మ చేతులు చాపితే, కూతురు పాపను అటు తిప్పేసుకుంది.

అతను పక్కనే కూర్చుని, తలెత్తకుండా డైపర్లు మడతపెడుతున్నాడు.