ఎనిమిది స్పీడు

విచారణ హాల్లోని పాత ప్లేయర్‌లో సీడీ మళ్లీ ఇరుక్కుంది. "తలుపుకి బయట తాళం..." అన్నచోటే గీపెట్టి ముందుకు దూకేసింది. కుట్టు ఫ్యాక్టరీ మంటల్లో కాలి, ఆస్పత్రిలో కన్నుమూసిన కార్మికురాలి గొంతది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకేం కావాలండీ? వినపడాలి, అంతే.

"ఇదే ఆఖరి వాయిదా. వినపడనిది నేనేం రాసుకోను?" అని అధికారి లేచిపోయాడు.

ఆ గొంతు రికార్డు చేసిన తోటి కార్మికురాలు వరండాలో అన్న మీద విరుచుకుపడింది. ఆయన యూనియన్ కార్యదర్శి. ఆ రికార్డుని కంప్యూటర్లో సీడీకెక్కించిందీ ఆయనే.

"పాత ప్లేయర్లలో నిదానంగా రైట్ చేసిన సీడీలే పలుకుతాయని మొత్తుకున్నానా లేదా అన్నయ్యా?"

"యాభై రెండు స్పీడులో సీడీ రైట్ చేసే మిషన్ని ఎనిమిదిలో నడపమంటావేంటే? అప్పుడు అవతల ఊరేగింపుకి టైమైపోతోంది. అసలు సీడీలే నాసిరకం. అంతా కంపెనీల దోపిడీ!"

"మరి పొద్దున మైకు పరీక్షకని ఇదే ప్లేయర్లో నీ ఉపన్యాసం పెట్టారుగా. అదీ ఇదే డబ్బాలోంచి తీసిన సీడీయే. ఒక్కచోటా తడబడలేదే?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అది పదిమందీ వినేది కదమ్మా. దాన్ని దగ్గర కూర్చుని ఎనిమిదిలోనే రైట్ చేశాను."