ఒక్క పూట అవ్వ

హోసూరులోని ఆ బడికి నెల తిరిగితే ఏదో ఒక దినం రావాల్సిందే. ఫిబ్రవరిలో మాతృభాషా దినం, మార్చిలో మహిళా దినం, ఏప్రిల్ వచ్చిందా, వారసత్వ దినం! ఏ దినమైనా చాకిరీ మాత్రం మంజు టీచర్‌దే.

ఈసారి హెచ్ఎం కొత్త మెలిక పెట్టింది. మూడో క్లాసు పిల్లలంతా అవ్వనో తాతనో వెంటబెట్టుకుని, ఇంట్లోని పాత వస్తువు ఒకటి తేవాలట.

పొద్దున్నే హాలంతా అవ్వలూ తాతలే. బల్లల నిండా రాగి చెంబులు, చేటలు, విసనకర్రలు. అబ్బో, సంత సాగినట్టే ఉంది.

మోనిషా బల్ల ఒక్కటే బోసిగా ఉంది.

"మీ అవ్వ యాడే?" అంది మంజు.

"మాకు అవ్వ లేదు మిస్. ఇంట్లో పాతవి గూడా ఏమీ లేవు. టీవీ మొన్ననే కొన్నారు."

మంజుకు ప్రాణం ఉసూరుమంది. కాసేపట్లో ఫొటోలు తీస్తారు. ఇందరిలో ఈ పిల్లొక్కతే ఒంటరిగా నిలబడాలా?

అంతలో వాకిలి దగ్గర నిలబడ్డ ఒక పెద్దావిడ అడిగింది.

"ఆ పాప పక్కన నేను కూచోనా అమ్మా?"

"మీరెవరి కోసం వచ్చినారు?"

"మా ఊరామె మనవడు ఈడ చదువుతాడు. ఆమె జతకు వచ్చినాను. పేరు మునెమ్మ, మాది మత్తూరు."

దేవుడే పంపినట్టనిపించింది మంజుకు.

"రండమ్మా, రండి! మోనిషా, ఈ పూటకు ఈమే మీ అవ్వ."

మునెమ్మ కూర్చుంది. పిల్లను తల నుంచి కాళ్ళ దాకా చూసుకుంది. కొంగుముడి విప్పి, బుజ్జి వెండి కడియాల జత తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి ఎవరివవ్వా?"

"పుట్టిన బిడ్డను తొలిసారి తొట్లో వేసేనాడు తల్లి పుట్టింటోళ్ళు కడియాలు తేవాల. అవ్వే తన చేత్తో తొడగాల. మా పక్క మర్యాద అది."

మోనిషా గబుక్కున చెప్పు విప్పి కాలు చాపింది. కడియం వేళ్ళు కూడా దాటలేదు. ఇద్దరూ పకపకా నవ్వారు.

"ఎవరికి చేయించినావవ్వా?"

"నా మనవరాలికి."

"వేసుకునిందా?"

"యాడ తల్లీ! ఆపొద్దు నాకు కోపమెక్కువ, పోలేదు. కోపం తగ్గేలోపల ఆ పిల్ల పొడుగైపోయింది."

ఫొటోలు అయ్యాయి. మునెమ్మ నువ్వులుండ చిదిమి మోనిషా నోట్లో పెట్టింది. ఆ బల్ల దగ్గర నవ్వులు ఆగితే ఒట్టు. మంజుకు కడుపు నిండినట్టయింది.

అవ్వలూ తాతలూ వెళ్ళిపోయాక చూస్తే, కడియాలు బల్ల మీదే ఉన్నాయి.

"అయ్యో, మర్చిపోయిందే!"

మంజు గేటు దాకా పరుగెత్తింది. మత్తూరు వాళ్ళెక్కే కృష్ణగిరి బస్సు అప్పుడే కదిలిపోయింది.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి మోనిషా తల్లి పవిత్ర వచ్చింది. మంజు సంబరంగా ఫోన్‌లో ఫొటో చూపించింది.

"మీ పాపకు ఈరోజు అద్దె అవ్వ దొరికింది! మత్తూరు మునెమ్మంట. పాపం, కడియాలు మర్చిపోయింది. ఎట్ల చేర్చాలో ఏమో."

పవిత్ర ఫొటో చూసింది. కడియాలు అందుకుంది. వాటిని కళ్ళకద్దుకుని బెంచీ మీద కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుంటిని టీచర్. నా మొగమే చూడనని ఈమె ఒట్టేసుకునింది."

కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. కూతురి చెయ్యి పట్టుకుని లేచింది.

"పద మోనీ, తర్వాతి బస్సుకు పోదాం."

"మరి ఆమె మర్చిపోయిన కడియాలు..."

"మర్చిపోలేదు టీచర్. నా బిడ్డను తొట్లో వేసే పండక్కి మా అమ్మ ఈపొద్దు వచ్చింది."