ముప్పై ఒకటో పేరు

ఆ గురువారం రాత్రి నారిన్ ఆసుపత్రి మేడ మీద డాక్టర్ అసీపా ఒక్కతే కూర్చుని, వైద్య పత్రికకు పంపే వ్యాసం చివర ఆధారాల పట్టిక సర్దుతోంది. పత్రికవాళ్లు ముప్పైకి మించి ఒప్పుకోరు. ముప్పై ఒకటి ఉన్నాయి. మనసు రాయి చేసుకుని, కిందటి చలికాలం పోయిన గురువు సపర్ అగై పేరు తీసేసింది.

కింద కొత్త కాపలాదారు చనిపోయిన తల్లి కోసం నూనెలో రొట్టెలు వేయిస్తున్నాడు. ఆ వాసనకు పోయినవాళ్లు వస్తారంటారు.

ఫోన్ మోగింది.

"డాక్టరమ్మా, ఎవరో చేతికర్ర ముసలాయన వచ్చారు. వేడి రొట్టె పెడితే ముట్టుకోను కూడా లేదు."

"ఏం కావాలట?"

"'నన్ను తీసేసిన పిల్ల ఏ గదిలో ఉంది?' అన్నారు. చెప్పాను."

మెట్ల మీద కర్ర చప్పుడు. అసీపా గబగబా ఆ పేరు మళ్లీ ఎక్కించింది.

చప్పుడు తలుపు దగ్గర ఆగింది. వెనక్కి మాత్రం వెళ్లలేదు.